మోహనలో నాలుగో అంకె

ఉదయలక్ష్మి తాళం తీసి తలుపు తోసేసరికి, లోపల ఆరు కీబోర్డుల మీద ఒక్క అంకె కూడా లేదు.

మొన్న సాయంత్రం క్లాసు మూసేటప్పుడు ఉన్నాయి. నిన్న బంద్, ఎవరూ రాలేదు. మీటకొకటి చొప్పున గుండ్రటి చిన్న స్టిక్కరు, దాని మీద తన చేత్తో రాసిన అంకె. స అంటే ఒకటి, రి అంటే రెండు, అలా ని దాకా ఏడు. పై స్థాయికి అంకె నెత్తిన చుక్క, కింది స్థాయికి కాళ్ళ దగ్గర చుక్క. ఆ అంకెల ధైర్యంతోనే, పియానో మీటలంటే బెదిరిపోయే పిల్లలూ పెద్దలూ ఇరవై ఎనిమిది మంది చైతన్యపురిలోని ఈ రెండో అంతస్తు గదికి ఎక్కి వస్తున్నారు.

సొరుగు బార్లా తెరిచి ఉంది. అందులో ఉండాల్సిన మూడు లాంగ్ నోటుబుక్కులూ లేవు. నాలుగేళ్ళుగా ఒక్కో పాటనీ విని, విప్పి, అంకెల్లోకి దింపిన పుస్తకాలవి. రెండు వందల పన్నెండు పాటలు. రెండో ప్రతి లేదు.

బోర్డు ఆ తర్వాత చూసింది. సుద్దతో పెద్ద పెద్ద అక్షరాలు. ‘జై తెలంగాణ. ఇక్కడ మీ పాటలు బంద్.’

స్టూలు మీద కూలబడింది. చెయ్యి అలవాటు కొద్దీ మీటల మీదికి పోయింది. వేళ్ళు జారాయి. మీటలన్నీ నూనె రాసి తుడిచినట్టు నున్నగా మెరుస్తున్నాయి. జిగురు మరక ఒక్కటి లేదు. గీత ఒక్కటి పడలేదు. దుమ్ము పడకుండా కప్పే గుడ్డలు నాలుగేసి మడతలు పెట్టి బెంచీ మీద దొంతిగా పేర్చి ఉన్నాయి.

పగబట్టి వచ్చినవాడు ఇంత ఓపిగ్గా గుడ్డలు మడత పెడతాడా అన్న ఆలోచన వచ్చింది. వచ్చింది గానీ నిలవలేదు. భర్తకి ఫోను చేసి చెప్పి అరగంట కాలేదు, అప్పటికే మెట్ల మీద పది జతల చెప్పుల చప్పుడు.

*

ముందు వచ్చినవాడు చక్రపాణి. ఆ చుట్టుపక్కల కోస్తా కుటుంబాల సంఘానికి కార్యదర్శి. అతని వెనక ఉదయలక్ష్మి భర్త రాఘవేంద్ర. రాఘవేంద్ర వెనక, భుజాన కెమెరాతో ఎవరో కుర్రాడు.

అయ్యో అని ఎవరూ అనలేదు. “బోర్డు చెరపకండి” అన్నది చక్రపాణి నోట్లోంచి వచ్చిన మొదటి మాట. కెమెరా కుర్రాడికి గది నాలుగు మూలలూ చూపించి, ఆమె దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు.

“మేడమ్, మీరు ఆ బోర్డు కింద నిలబడి ఒక్కసారి కళ్ళు తుడుచుకుంటే బావుంటుంది. బలవంతమేం లేదు.”

ఉదయలక్ష్మికి వస్తున్న ఏడుపు కాస్తా ఆ మాటతో ఆగిపోయింది. ఆమె బోర్డు కిందికి వెళ్ళలేదు. కెమెరా కుర్రాడు బోర్డొక్కదాన్నే కెమెరాలో తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. తాళం పగలలేదు కాబట్టి తాళంచెవి ఉన్నవాడే వచ్చి ఉండాలన్నాడు చక్రపాణి. తాళంచెవులు మూడు. ఒకటి ఆమె హ్యాండ్‌బ్యాగులో, ఒకటి ఎల్బీ నగర్‌లో వాళ్ళ ఇంట్లో మేకుకి, మూడోది కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు మల్లేశం దగ్గర. మూడోది అనగానే అందరి చూపులూ ఒక్కసారిగా కిందికి దిగాయి. రెండో దాని గురించి ఎవరూ అడగలేదు. అది మన ఇంటిది కదా.

మల్లేశం కొడుకు కమలాకర్‌కి ఇరవై నాలుగేళ్ళు. కాలనీ జేఏసీలో వాడిదే మైకు. ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె మొదలైన దగ్గర్నుంచీ రోజూ వీధిలో ఊరేగింపు తీసేది వాడే. నిన్న సాయంత్రం నాలుగింటికి కమలాకర్ ఒక గోనె సంచి భుజాన వేసుకుని ఈ మెట్లు దిగడం తను కళ్ళారా చూశానని ఎదురింటి జిరాక్స్ షాపు దశరథ చెప్పాడు. దశరథ నల్లగొండ వాడు, పైగా కమలాకర్‌తో రోజూ టీ తాగేవాడు. ఆ సాక్ష్యానికి ఇక తిరుగేముంది.

పది గంటలకల్లా పోలీసులు కమలాకర్‌ని ఠాణాకి తీసుకుపోయారు.

ఎస్సై ఒకటే అన్నాడట. క్లాసు మేడమ్ పేరున ఉంది, కంప్లయింటు మీద మేడమే సంతకం పెట్టాలి. ఐదు గంటల దాకా చూస్తాను, సంతకం పడితే కేసు కడతాను, లేకపోతే పంపించేస్తాను.

కమలాకర్‌కి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. పరీక్ష అయింది, ఇంటర్వ్యూ అయింది. వచ్చే వారం పోలీసు వెరిఫికేషన్. ఆ ఫైలులోకి ఒక్క కేసు నంబరు ఎక్కితే చాలు, ఉద్యోగం అక్కడితో సరి.

అంటే వాడి బతుకు ఇప్పుడు ఉదయలక్ష్మి పెన్ను చివర వేలాడుతోంది.

*

“సంతకం పెట్టడానికి నీకేంటి అభ్యంతరం?”

రాఘవేంద్ర బెంచీ మీద కూర్చుని అడిగాడు. చైతన్యపురిలోనే కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు. సమ్మె పుణ్యమా అని నెల నుంచి ఇంట్లోనే. కంప్లయింటు కాగితం తనే టైపు చేయించుకొచ్చి కీబోర్డు మీద పెట్టాడు. అందులో కమలాకర్ పేరు నాలుగు చోట్ల ఉంది.

“ఆ అబ్బాయే చేశాడని మీకు నమ్మకమా?”

“మన నమ్మకంతో పనేముంది? చూసినవాడున్నాడు.”

“సంచి మోస్తుంటే చూశాడు. స్టిక్కర్లు పీకుతుంటే చూడలేదు.”

“ఉదయా, నెల రోజులుగా ఆ కుర్రాడు మన కిటికీ కింద నిలబడి మనల్ని పొమ్మంటున్నాడు.”

“మెట్ల మీద నేను ఎదురైతే మైకు చంకలో పెట్టుకుని నమస్తే మేడమ్ అంటాడు.”

“దానికే కరిగిపోయావా.” రాఘవేంద్ర నవ్వాడు. “ఒక్కడి మీద కేసు పడితే చాలు. మిగతావాళ్ళు దారిలోకొస్తారు.”

ఆ వాక్యం అతనిది కాదు. పొద్దున చక్రపాణి మెట్లు దిగుతూ అన్న వాక్యం, ఒక్క అక్షరం మారలేదు. పదిహేనేళ్ళు కాపురం చేసిన మనిషి నోట్లో మరొకడి ఎంగిలి మాట కదులుతుంటే చూడలేక ఆమె మొహం తిప్పుకుంది.

అంతలో గదిలోకి ఒక వాసన వచ్చింది. పులిసిపోయిన, కుళ్ళిపోయిన పళ్ళ వాసన. వాసన వెనక మనిషి వచ్చింది.

గుమ్మంలో మల్లేశం భార్య ఆండాలు. నెత్తిన గోనె సంచి. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, ఏదో పసుపుపచ్చటి జిగురు అంటుకుని ఉంది. రాఘవేంద్ర జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచాడు. ఐదింటికి ముందే వస్తానని, కాగితం మర్చిపోవద్దని చెప్పి, ఆండాలుకి తగలకుండా ఒదిగి బయటికి జారుకున్నాడు.

ఆండాలు అతని వంక చూడనైనా చూడలేదు. సంచి దించింది.

“గివి నీ కాయితాలేనా చూడు టీచరమ్మా.”

*

ఆండాలు ఈ క్లాసులో ఇరవై ఎనిమిదో విద్యార్థి. యాభై అయిదేళ్ళు. కొత్తపేట పక్కన పొలాలున్న రోజుల్లో నాట్లు వేసిన చెయ్యి. పొలాలు కాలనీలయ్యాయి, చేతికి పని లేకుండా పోయింది. నెల కిందట ఒకరోజు మెట్లెక్కి వచ్చి, పిల్లల వెనక నిలబడి అరగంట చూసింది.

“నాకు అఆలు రావు, ఏబీసీలు రావు. అంకెలైతే ఒస్తయి. బస్సు నంబర్లు సదువుత, ఫోన్ నంబర్లు ఒత్తుత. నాకు ఒస్తదా గీ పాట?” అని అడిగింది.

వస్తుందని ఉదయలక్ష్మి బతుకమ్మ పాట వరస ఒకటి అంకెల్లో రాసిచ్చింది. ఐదు ఐదు ఆరు ఐదు మూడు. ఆండాలు ఒక్క చూపుడువేలితో మొదలుపెట్టింది. నాలుగో రోజుకి మూడు వేళ్ళు దిగాయి. ఎనిమిదో రోజు కాగితం వంక చూడకుండా పాట మొత్తం వాయించి, కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరైనా విన్నారేమోనని మెట్ల వైపు చూసింది.

ఆ ఆండాలు ఇప్పుడు నేల మీద చతికిలబడి, ఆయాసం తీర్చుకుంటూ జరిగింది చెప్పింది. గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్టు గేటు దగ్గర ఆమె చిన్నమ్మ కూతురు సీతాఫలాలు అమ్ముతుంది. కమలాకర్‌ని పట్టుకుపోయారని తెలిసి, ఓదార్చడానికి ఒక బుట్టెడు పళ్ళు పట్టుకుని వచ్చిందట. కాయకి కాయ తగలకుండా మధ్యలో కాగితాలు చుట్టి ఉన్నాయి.

“ఏడుస్త కూసున్న. గా కాయితం మీద నా అంకెలు కండ్లవడ్డయి. ఐదు ఐదు ఆరు ఐదు మూడు. ఇది యాడ దొరికిందే అంటే, మార్కెట్ల కుళ్ళిన కాయలు పారబోసే కుప్ప కాడ సంచి ఉంటే, సగం ఏరుకున్న అన్నది. ఉరికిన.”

మిగతా సగం బత్తాయిల కింద, బొప్పాయిల కింద ఉందట. మోచేతుల దాకా చేతులు పెట్టి తీసిందట. రెండుసార్లు వాంతి చేసుకుందట. అది చెప్పేటప్పుడు ఆండాలు గొంతులో ఏ బాధా లేదు, పని చేసిన మనిషి పని చెప్పినట్టు చెప్పింది.

“ఆండాలమ్మగారూ, కమలాకర్ ఏమంటున్నాడు?”

“సంచి ఎవరిదిరా అంటే నోరిప్పుతలేడు. వాళ్ళ నాయన పొద్దుగాలటి సంది ఠాణా గేటు కాడనే నిలవడ్డడు. నేను బతిలాడిన. అమ్మా, నేను జెప్తె ఎవడు నమ్ముతడే, అంటడు. గంతే.”

 ఆండాలు ఉదయలక్ష్మి మోకాలి మీద చెయ్యి వేయబోయి, చెయ్యి చూసుకుని వెనక్కి తీసుకుంది.

“నా కొడుకే చేసిండని నీ మనసుకు తెలిస్తె, సంతకం పెట్టు బిడ్డా. ఇంటికొచ్చినంక నేనే చెప్పుతోని కొడ్త. తెల్వకుంటె మాత్రం పెట్టకు. నేనడిగేది గదే.”

*

ఇద్దరూ కాగితాలు ఏరడం మొదలుపెట్టారు. తడిసినవి బెంచీల మీద ఆరబెట్టి, ఎగిరిపోకుండా పైన చెప్పులు పెట్టారు. ఫ్యాను వేస్తే వాసన గదంతా పరుచుకుంది. ఉదయలక్ష్మి నోటితో గాలి పీలుస్తూ ఒక్కొక్క కాగితం విప్పింది. కొన్ని ఉన్నాయి, కొన్ని సగం పోయాయి, కొన్నిటి మీద సిరా కారిపోయి నీలం మరకలే మిగిలాయి.

మూడో పుస్తకం చివరి కాగితం దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

అది పోయిన ఆదివారం రాసిన పాఠం. మోహన రాగంలో పిల్లల కోసం తనే కట్టిన చిన్న వరస. ఇంకా ఎవరికీ చెప్పలేదు. మూడు ఐదు ఆరు ఐదు, నాలుగు రెండు ఒకటి.

ఆ నాలుగు చుట్టూ పెన్సిలుతో సున్న చుట్టి ఉంది. దాని నెత్తిన, అంతే సన్నటి పెన్సిలు గీతలతో, 3.

ఆమె వేళ్ళు గాలిలోనే వాయించి చూసుకున్నాయి. నిజమే. నాలుగు తప్పు. మోహనలో నాలుగూ ఉండదు, ఏడూ ఉండదు. ఉన్నది ఐదే అంకెలు. రాసేటప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేచి వెళ్ళి వచ్చింది, అప్పుడు దొర్లి ఉంటుంది.

పుస్తకాన్ని చింపి కుళ్ళులో పారేద్దామని తీసుకున్నవాడు, పారేసే ముందు కూర్చుని చదివాడు. చదివి, తప్పు కనిపిస్తే ఊరుకోలేక దిద్దాడు. దిద్ది, ఆ తర్వాత పారేశాడు.

నూనె రాసి, గీత పడకుండా, ఒక్కో స్టిక్కరూ ఊడదీసిన చెయ్యి. గుడ్డలు నాలుగు మడతలు పెట్టిన చెయ్యి. అపస్వరం చెవిన పడితే అన్నం ముద్ద కూడా మింగలేని మనిషి.

ఈ కాలనీలో ఎంతమందికి మోహన తెలుసో ఆమెకి తెలియదు. మేకుకి తగిలించిన రెండో తాళంచెవి అందే దూరంలో మాత్రం ఒక్కడే ఉన్నాడు.

“ఏమైంది టీచరమ్మా?” అంది ఆండాలు.

“నేను సంతకం పెట్టను” అంది ఉదయలక్ష్మి. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. “కానీ అదొక్కటే సరిపోదు. ఇవాళ నేను పెట్టకపోతే రేపు చక్రపాణి వేరే కంప్లయింటు రాయించుకొస్తాడు. ఎవరు చేశారో తేలాలి. నాలుగున్నర దాకా ఇక్కడే ఉండండి.”

ఎవరని ఆండాలు అడగలేదు. అడగకపోవడం ఆమెకి ఎంత కష్టమో మొహంలో తెలుస్తూనే ఉంది.

*

బస్సులు లేవు. షేరాటోలో ఏడుగురి మధ్య ఇరుక్కుని ఎల్బీ నగర్ చేరేసరికి మూడున్నర దాటింది. దారి పొడుగునా రోడ్డు మీదే ఉద్యమకారుల వంటలు, టెంట్ల కింద పాటలు. పక్కన కూర్చున్న ఆడమనిషి ముక్కు ఎగబీల్చి దూరం జరిగింది. ఉదయలక్ష్మి తన చేతులు వాసన చూసుకుంది. కడుక్కోకుండా వచ్చేసింది.

ఇంట్లో రాఘవేంద్ర సోఫాలో పడుకుని ఫోనులో చక్రపాణితో మాట్లాడుతున్నాడు. బాల్కనీలో పడకకుర్చీలో ఆమె మామగారు సాంబమూర్తి. డెబ్భై రెండేళ్ళు. తెనాలి నాటక సమాజాల్లో నలభై ఏళ్ళు హార్మోనియం వాయించాడు. ఆయన శ్రుతి ఇవ్వకపోతే పద్యం ఎత్తుకోనని మొండికేసిన నటులున్నారని ఆయనే చెబుతాడు. పక్కన మడతపెట్టిన తువ్వాలు, దాని మీద కళ్ళజోడు, కళ్ళజోడు పక్కన వక్కపొడి డబ్బా. అన్నీ గీత గీసినట్టు.

ఆమె క్లాసు పెట్టిన రోజునే ఆయన ఒక మాట అన్నాడు. ఇది సంగీతమా, ఎక్కాల బడా అని. అప్పటి నుంచీ ఇంటికొచ్చిన పిల్లల్ని ఆపి ఏడైదులెంతరా అని అడిగి నవ్వేవాడు. ఈ అంకెలు నాకు అర్థం కావమ్మా, నేను పాతకాలపు మనిషిని, అని అందరి ముందూ చెప్పేవాడు.

ఉదయలక్ష్మి కాగితం ఆయన ఒళ్ళో పెట్టింది.

“మావయ్యగారూ, ఈ వరసలో ఏదో తప్పుందనిపిస్తోంది. ఒకసారి చూసి పెడతారా?”

సాంబమూర్తి వాసనకి ముక్కు చిట్లించాడు. అయినా కళ్ళజోడు పెట్టుకున్నాడు. పాట ముందు పెడితే చూడకుండా ఉండలేడు. పెదవులు కదిలాయి, చూపుడువేలు కుర్చీ చేతి మీద తాళం వేసింది. చివరి అంకె దాకా చదివాడు.

“ఇప్పుడు సరిగానే ఉంది” అన్నాడు.

అన్నాక, ఏమన్నాడో ఆయనకే వినబడింది. వేలు తాళం ఆపేసింది.

సోఫాలో ఫోను మాట ఆగిపోయింది. రాఘవేంద్ర లేచి వచ్చాడు. తండ్రి మొహం చూశాడు, కాగితం చూశాడు, భార్యని చూశాడు. అతను తెలివైనవాడు, ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మొదట చేసిన పని, బాల్కనీ తలుపు దగ్గరగా వేసి పక్కింటి వైపు తొంగి చూడడం.

“సరే. అయిందేదో అయింది. ఇది ఈ గుమ్మం దాటకూడదు” అన్నాడు.

“కమలాకర్ ఠాణాలో ఉన్నాడు.”

“డెబ్భై రెండేళ్ళ మనిషిని తీసుకెళ్ళి ఆ బెంచీ మీద కూర్చోబెడదామంటావా?”

“ఇరవై నాలుగేళ్ళవాణ్ణి కూర్చోబెట్టొచ్చా?”

“వాడి వెనకాల జేఏసీ ఉంది, జెండాలున్నాయి. రేపు పొద్దుటికి ఊరేగింపుగా విడిపించుకుపోతారు. పదిహేను రోజులాగి మనమే రాజీ అని రాసిద్దాం.”

“వెరిఫికేషన్ వచ్చే వారం.”

రాఘవేంద్ర ఏ వెరిఫికేషన్ అని అడగలేదు. ఆ సంగతి అతనికి ముందే తెలుసు. తెలిసే టైపు చేయించాడు. నాలుగు చోట్ల.

కుళ్ళు కుప్పలో చెయ్యి పెట్టినందుకు ఆండాలు రెండుసార్లు వాంతి చేసుకుంది. ఉదయలక్ష్మికి ఇప్పుడు, తుడిచిన నేల మీద, తన ఇంట్లో, అదే వచ్చేలా ఉంది. నోరు గట్టిగా మూసుకుని గోడకి ఆనుకుంది. గోడ చల్లగా ఉంది. 

“మావయ్యగారూ. చేరినవాళ్ళకి మూడో నెల దాటాక ఆ అంకెలు నేనే పీకేస్తాను. వారానికొకటి. ముందు నాలుగుని పీకుతాను, తర్వాత ఏడుని. చివరికి ఒకటి ఒక్కటే మిగులుతుంది, ఆ పైన అదీ ఉండదు. అప్పటికి వేళ్ళకి దారి తెలిసిపోతుంది. అది నడక నేర్చుకునే బండిలాంటిది, అంతే. నాలుగేళ్ళలో మీరు ఒక్కసారి కూడా అడగలేదు.”

“నాన్నా, మీరేం మాట్లాడకండి” అన్నాడు రాఘవేంద్ర.

సాంబమూర్తి కళ్ళజోడు తీశాడు. తువ్వాలు అంచుతో ఒక అద్దం తుడిచాడు, రెండో అద్దం తుడిచాడు. కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపు కూడా చూడలేదు. ఒళ్ళో ఉన్న కాగితంతో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

“పీకేస్తావని తెలుసమ్మా. అంకెలు అర్థం కావని అందరి ముందూ చెప్పింది అబద్ధం. మొదటి వారంలోనే అర్థమయ్యాయి. నిన్న నీ పుస్తకాలు మూడూ ఆ బెంచీ మీద కూర్చుని తిరగేశాను. రెండొందల పన్నెండు పాటల్లో ఒక్కటంటే ఒక్క తప్పు దొరికింది. పది దొరికి ఉంటే నవ్వుకుని ఇంటికొచ్చేసేవాణ్ణేమో.

“నేను పదకొండో ఏట గురువుగారింట్లో చేరాను. రెండేళ్ళు హార్మోనియం పెట్టె తుడవడమే నా పని. మీట మీద వేలు పడితే బెత్తంతో కణుపుల మీద కొట్టేవాడు. తొమ్మిదేళ్ళు గడిస్తే గానీ నలుగురి ముందు కూర్చోనివ్వలేదు. ఆ ఆండాలు, సంతకం రాని మనిషి, ఎనిమిది రోజుల్లో వాయించింది. ఆ రోజు నీకు గొడుగు ఇద్దామని వచ్చి మెట్ల మీద ఆగి విన్నాను. ఎక్కడో ఒకచోట చెడుతుందని చివరిదాకా కాచుకుని నిలబడ్డాను. చెడలేదు. గొడుగు ఇవ్వకుండానే తిరిగొచ్చేశాను. ఆ రాత్రి నుంచి నాకు అన్నం సయించలేదు.

“బంద్ రోజు మధ్యాహ్నం నువ్వు కునుకు తీస్తుంటే మేకు మీది తాళంచెవి తీసుకున్నాను. కొబ్బరినూనె సీసా లాల్చీ జేబులో వేసుకున్నాను. వాయిద్యం మీద గీత పడితే నేను చూడలేను. బోర్డు మీద రాసింది కూడా నేనే. ఈ రోజుల్లో ఆ మాట రాసిపెడితే ఇక ఎవడూ మన ఇంటి వైపు చూడడని నాకు తెలుసు. నువ్వు భయపడి క్లాసు ఎత్తేస్తావు, అంతటితో పోతుంది అనుకున్నాను. ఆ కుర్రాడి మీదికి వస్తుందని అనుకోలేదు అంటే మీరిద్దరూ నమ్ముతారేమో. ఆ మాట నేననను.

“సంచి పట్టుకుని మొదటి అంతస్తు దాకా దిగేసరికి వాడు ఎదురొచ్చాడు. ఏం తాతా, పాత కాయితాలా, ఇటియ్యి నేను తెస్త, అన్నాడు. అక్కర్లేదులే బాబూ అన్నాను. అని, మెట్ల కిటికీలోంచి కిందికి చూశాను. దశరథ షటరు సగం ఎత్తి, స్టూలేసుకుని, మన గేటు వంకే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు సంచి వాడి భుజాన పెట్టాను. నువ్వు ముందు గేటులోంచి తీసుకురా, నేను వెనక సందులోంచి వెళ్ళి మలుపులో ఆటో ఆపి ఉంచుతాను, అన్నాను. బరువు మోయలేక ఇవ్వలేదమ్మా. దశరథ వాణ్ణి చూడాలనే ఇచ్చాను.”